రెండుసార్లు చచ్చిన రాజు కిరీటం

నేను ఒక కిరీటాన్ని. బంగారు కిరీటాన్ని కాదు. నానబెట్టిన కాగితం, చింతగింజల జిగురు, బేగడ రేకు, గాజు రాళ్ళు కలిస్తే నేను. దూరం నుంచి ధగధగ మెరుస్తాను. దగ్గరకొస్తే జిగురు వాసన వేస్తాను. నా ముందువైపు, నుదుటికి సరిగ్గా పైన, ఒక తురాయి ఉండేది. ఒక ఆడపిల్లల హైస్కూలు వార్షికోత్సవం నాడు, వేదిక పక్కన మెట్ల దగ్గర, అది ఊడి చెక్కల సందులోంచి కిందికి పోయింది. ఎవరూ వెతకలేదు. ఎవరైనా వంగి వెతికి ఉంటే బాగుండేది. అక్కడున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడకుండా కొంతసేపు గడిచేది.

ఆ కొంతసేపు గురించే చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కాగితపు కిరీటానికి సిగ్గేమిటని మీరనవచ్చు. తలల మీద కూర్చోవడం తప్ప ఇంకో పని తెలియనిదాన్ని. కింద ఉన్న తల ఎప్పుడు వంగిందో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

నన్ను చేసింది తెనాలిలో మస్తాన్ సాహెబు. రైలు స్టేషన్‌కి అవతల ఒక పెంకుటింటి వసారాలో నాటకాల వాళ్ళకు కిరీటాలు, భుజకీర్తులు, గదలు చేసి ఇచ్చేవాడు. పాత పేపర్లు నానబెట్టి, రుబ్బి, అచ్చు మీద పొరలు పొరలుగా వేసేవాడు. నా వంతుకు ఇంగ్లీషు పేపర్లు ఎక్కువగా వచ్చాయి. అందువల్ల నా కడుపులో ముందునుంచే కాస్త ఇంగ్లీషు ఉందని చెప్పుకోవచ్చు. కడుపులో ఉన్నదంతా అర్థమైనట్టు కాదు, ఆ సంగతి మనుషుల్ని చూసి తెలుసుకున్నాను.

నన్ను చేయించుకున్నది ఆ ఊళ్ళోనే ఉండే మంగతాయారు. పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు వేసే ఆడమనిషి. కొలత ఇవ్వడానికి వచ్చి తలపాగాలా జడ చుట్టుకుని పీట మీద కూర్చుంది.

"జడకి కాస్త చోటుంచండి సాయిబుగారూ."

"రాజుకి జడేందమ్మా?"

"జడ రాజుది కాదు, నాది. ఆట అయినాక నాతోపాటు ఇంటికి రావాలిగా!"

సాహెబు నవ్వి పురికొస ఇంకో వేలెడు వదులు చేశాడు. అలా నేను ఆవిడ కొలతకు పుట్టాను.

ఆవిడ తల మీద ఊళ్ళన్నీ తిరిగాను. కింద పద్యం మొదలైతే ఆ అదురు ముందు నాకే తెలిసేది. నేలమీద చాపలేసుకుని కూర్చున్న జనం నన్ను చూసి నిజంగానే వంగి దణ్ణాలు పెట్టేవారు. అట్ట అని వాళ్ళకీ తెలుసు. పొద్దున ఆవిడే టీకొట్టు దగ్గర నిలబడితే అదే జనం "ఏం తాయారూ, రాత్రి బాగా పాడావ్" అని ఏకవచనంలో పలకరించి వెళ్ళేవారు. మర్యాదంతా నాకు, ఏకవచనం ఆవిడకు. ఈ పంపకం నాకు మొదట్లో గర్వంగానే ఉండేది.

ఆ నాటకాల భాష వేరు. వచ్చితివా, పోయెదను, ఎరుంగవా అని ఉంటుంది. అలా ఎవరూ ఇళ్ళలో మాట్లాడుకోరు. నేను తల మీద ఉన్నంతసేపు "పోయెదను" అనే తాయారమ్మ, నన్ను తీసి గుడ్డలో చుట్టగానే "ఇంక నే పోతన్నా జోగన్నా, పిల్ల నిద్దరపోతంది" అనేది. జోగన్న అంటే హార్మోనియం జోగారావు. పిల్ల అంటే కాత్యాయని, వేషాల పెట్టె పక్కన దుప్పటి మీద నిద్రపోతూ పెరిగిన తాయారమ్మ కూతురు. తండ్రి తబలా వాయించేవాడట. నేను చూడలేదు. నేను పుట్టకముందే పోయాడు.

అక్కడి జనానికి ఒక అలవాటు ఉంది. పద్యం నచ్చితే "వన్స్‌మోర్" అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడాలి. రాజు బాణం తగిలి, ఆఖరి పద్యం పాడి, ప్రాణం విడిచాడనుకోండి. "వన్స్‌మోర్" వినపడగానే చచ్చిన రాజు లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, జోగారావు శ్రుతి అందించాక మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. చంపినవాడు అంతదాకా విల్లు పట్టుకుని పక్కన ఓపిగ్గా నిలబడతాడు. ఎవరూ నవ్వరు. అది నవ్వే సంగతని కూడా ఎవరికీ తోచదు. ఎన్నిసార్లు చస్తే అంత గొప్ప. ఆట అయ్యాక జోగారావు మేళం సర్దుకుంటూ "ఇవాళ మూడు చావులమ్మాయ్! నీకు తిరుగులేదు" అనేవాడు.

కాత్యాయని చదివిన మొదటి బడిలో ఒక పిల్ల లేచి వేరే బల్ల మీదికి వెళ్ళి కూర్చుంది. నాటకాలాళ్ళ పిల్ల పక్కన కూర్చోవద్దని వాళ్ళమ్మ చెప్పిందట. ఆ సంగతి చెప్పి కాత్యాయని ఏడవలేదు. హైస్కూలుకి ఊరికి అవతలి కొసన ఉన్న బడిలో చేర్పించమని మాత్రం అడిగింది. అక్కడ అమ్మ ఏం చేస్తుందంటే కుట్టుపని అని చెప్పింది. తాయారమ్మ వేషాల అంగరఖాలు తనే కుట్టుకునేది కాబట్టి, పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే ఎస్తేరు టీచర్‌కి పాత ఇంగ్లీషు సాహిత్యమంటే ప్రాణం. పాత కథ ఒకటి తీసుకుని, పాత మాటలతోనే తను ఒక చిన్న నాటకం రాసింది. యుద్ధంలో ఓడి, వరదలో సైన్యాన్ని పోగొట్టుకుని, ఏటి ఒడ్డున ప్రాణం విడిచే ఒక రాజు కథ. పిల్లలందరి చేతా చదివించి చూసి రాజు వేషం కాత్యాయనికి ఇచ్చింది. ఎవరూ నేర్పకుండానే ఈ పిల్లకి నిలబడడం వచ్చు అన్నదట టీచర్. ఆ మాట ఇంటికొచ్చి చెప్పినప్పుడు తాయారమ్మ సూది చేతిలోనే పట్టుకుని చాలాసేపు నవ్వుకుంది.

అప్పటికి తాయారమ్మ గొంతు పాడైంది. పై స్థాయికి వెళితే చీలిపోయేది. మేళాలు పిలవడం తగ్గించాయి. నేను ఎక్కువగా గోడ మేకుకి వేలాడుతూ ఉండేదాన్ని. అందువల్ల ఆ నాటకం రిహార్సళ్ళన్నీ ఇంట్లోనే విన్నాను. రాజు ఆఖరి మాటలు నాకిప్పటికీ కంఠతా వచ్చు.

"దౌ కమెస్ట్ లేట్, మై సన్. ద రివర్ హాత్ టేకెన్ ఆల్ మై మెన్, అండ్ నౌ ఇట్ ఆస్కెత్ ఫర్ ద కింగ్."

"ఇదేం ఇంగ్లీషే? బస్టాండులో బోర్డుల మీద ఇట్టా ఉండదే" అంది తాయారమ్మ.

"ఇది పాతదమ్మా. ఇప్పుడెవరూ మాట్టాడరు. నాటకాల్లో, ప్రార్థనల్లో, పాతకాలం కవిత్వంలో ఉంటదంట."

"ఎవరూ మాట్టాడకుండా నాటకాల్లోనే ఉంటదా? అయితే మనదే!"

కాత్యాయని పక్కకు తిరిగి నవ్వు దాచుకుంది. తర్వాత టీచర్ చెప్పినట్టే, వేలు ఆడిస్తూ, తల్లికి పాఠం చెప్పింది. దౌ అంటే నువ్వు. నువ్వు అన్నప్పుడు క్రియ చివర 'ఎస్ట్' చేరుతుంది. అతను, ఆమె, అది అన్నప్పుడు 'ఎత్' చేరుతుంది. దౌ కమెస్ట్ అంటే నీవు వచ్చుచున్నావు. హీ కమెత్ అంటే అతడు వచ్చుచున్నాడు. కొన్నిటికి ఆ లెక్క కూడా లేదు. దౌ ఆర్ట్, దౌ హాస్ట్, హీ హాత్, హీ డత్. ఇక్కడ రాజు కొడుకుతో అంటున్నాడు: ఆలస్యముగా వచ్చితివి కుమారా. నా మనుషులనందరినీ ఏరు తీసుకుపోయినది. ఇప్పుడది రాజును అడుగుచున్నది.

"మరి మీరు అనాలంటే?"

"యూ. ఇప్పుడందరికీ యూనే. కలెక్టరుకీ, కుక్కపిల్లకీ."

"ఆ దౌ ఏమైపోయింది మరి?"

"పూర్వం పెద్దవాళ్ళనీ పరాయివాళ్ళనీ యూ అనేవాళ్ళంట. పిల్లల్నీ, ప్రాణ స్నేహితుల్నీ, నౌకర్లనీ, దేవుణ్ణీ దౌ అనేవాళ్ళంట. ఆ తర్వాత ఎవరికి కోపమొస్తదోనని అందర్నీ యూ అనడం మొదలుపెట్టారంట. అట్టా అంటా అంటా ఇంక దౌ అనడానికి ఎవరూ మిగల్లేదంట. దాంతోపాటు దాని ఎస్టులూ ఆర్టులూ అన్నీ పోయినాయి."

"మర్యాద ఎక్కువై పోయిందన్నమాట" అని తాయారమ్మ నా వైపు చూసింది. "మనకా భయం లేదులే. ఊళ్ళో ప్రతివాడూ నన్ను నువ్వనేవాడే. నెత్తిన అది ఉంటేనే మీరు."

అలా మొదలై రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ మాటలు పట్టుకుని కూర్చునేవారు. తాయారమ్మకి అర్థాలు అటూ ఇటూ అయ్యేవి. 'ఎత్' వినపడిన ప్రతిచోటా రాజు ఎవరినో తిడుతున్నాడనుకునేది. చావడం విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండేది.

"అంత గబగబా ఏందే? చచ్చేవాడికి బస్సేమన్నా పోద్దా? 'మై సన్' అన్నాక ఆగు. వాడి ముఖం చూడు. చూసి అప్పుడు ఏరు గురించి చెప్పు."

"అక్కడ కొడుకు వేషం వేసేది మా క్లాసు విమల కదమ్మా. దాని ముఖం చూస్తే నవ్వొస్తది నాకు."

"అయితే నన్ను చూడు. విమల వెనకాల నేనున్నాననుకో."

ఆ మాట తర్వాతే కాత్యాయని నోరు విప్పింది. అన్నం తినే వేళ, కంచంలోకి చూస్తూ.

"అమ్మా, ఆ రోజు నువ్వు రాకు."

"నేనెందుకొస్తానే? నాకేం అర్థమవుద్ది?"

"కిరీటం నేనే తీసుకెళ్తా. బంగారు కాగితంతో పిల్లలు చేసింది బిస్కెట్ డబ్బాలాగుందని టీచరు వద్దంది. అద్దెకెవరన్నా ఇస్తారా అంటే, మా వీధిలో ఒకావిడ ఇస్తది అని చెప్పా."

తాయారమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఒకావిడా?"

"ఊ."

తాయారమ్మ మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టింది. తర్వాత తాయారమ్మే అంది: "సరే. ఆ ఒకావిడ అద్దె తీసుకోకుండా ఇవ్వదని కూడా చెప్పు. ఊరికే ఇస్తే అనుమానమొస్తది."

మనుషులు త్యాగాలు చేసేటప్పుడు ఇంత నేర్పుగా చేస్తారని నాకప్పటిదాకా తెలియదు.

వార్షికోత్సవం నాడు కాత్యాయని తలకు నేను పెద్దదాన్నయ్యాను. లోపల గుడ్డ దోపి, దారంతో జుట్టుకు కట్టారు. పిల్లల తల్లిదండ్రులు బడి ఆవరణ నిండా కూర్చున్నారు. ముందు వరుసలో ముఖ్య అతిథి, విఠల్‌రావు గారని ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్ద లెక్చరర్. పక్కనే ఎస్తేరు టీచర్, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ.

నాటకంలో ఒక్క ముక్క కూడా జనానికి అర్థం కాలేదు. అయినా ఎవరూ కదల్లేదు. దౌలు, హాత్‌లు, డత్‌లు వాళ్ళకు పద్యాల్లాగే వినిపించాయి. కాత్యాయని ఏటి ఒడ్డున ఒరిగింది. "దౌ కమెస్ట్ లేట్, మై సన్" అని ఆగింది. కొడుకు వేషంలో ఉన్న విమల భుజం మీదుగా చూసింది. అలా చూసినప్పుడు ఆ తల ఒక్కసారి ఉలిక్కిపడడం నాకు తెలిసింది. జనానికి వెనకాల, పంపు దగ్గర, కొంగు తల మీదికి కప్పుకుని తాయారమ్మ నిలబడి ఉంది.

అయినా ఆ పిల్ల మాట తప్పలేదు. ఏరు గురించి చెప్పింది. చచ్చింది.

 చప్పట్లు మొదలయ్యేలోపే వెనకనుంచి ఒక చీలిన గొంతు లేచింది.

"వన్స్‌మోర్!"

ఆవిడ కావాలని అరవలేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. జీవితమంతా ఆ కేక కోసం చచ్చిన మనిషి. మంచి చావు కళ్ళ ముందు కనబడేసరికి నోరు ఆగలేదు. జనం అందుకున్నారు. వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని చప్పట్లు, ఈలలు. వేదిక మీద కాత్యాయని కూడా ఆలోచించలేదు. వేషాల పెట్టె పక్కన పెరిగిన ఒళ్ళు దానంతట అదే లేచింది. ఇంగ్లీషు రాజు లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. విమల బిత్తరపోయి అక్కడే నిలబడింది. ఎస్తేరు టీచర్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

రెండోసారి ఆ పిల్ల ఎలా చచ్చిందో చెప్పలేను. తాయారమ్మ తల మీద ఎన్నో చావులు చూశాను. అంత నిజమైన చావు ఇంకోటి లేదు.

తెర పడ్డాక వేదిక పక్క మెట్ల మీద ఉన్న కాత్యాయని దగ్గరికి విఠల్‌రావు గారు స్వయంగా వచ్చారు, వెనకే ఎస్తేరు టీచర్. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. కోపం లేదు, వెక్కిరింత లేదు.

"పడమటి దేశం రాజుని కూడా తెనాలి వాళ్ళు రెండుసార్లు చంపారమ్మా! ఎస్తేరు గారూ, ఇది ఆ దేశంలో కూడా దొరకదు. ఎవరమ్మా ఆ కేక వేసినావిడ? మీ వాళ్ళా?"

తాయారమ్మ అప్పటికే మెట్ల కింద నిలబడి ఉంది. చేతిలో నన్ను చుట్టే పాత గుడ్డ. ముఖమంతా వెలిగిపోతూ ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే కూతుర్ని పట్టుకునేదే.

విఠల్‌రావు గారు మీ వాళ్ళా అని అడిగింది మెచ్చుకోవడానికి. అవును అంటే ఆయన ఆవిడకు నమస్కారం పెట్టి ఉండేవారు. ఎస్తేరు టీచర్ కుర్చీ వేయించి ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు, మెట్ల మీద ఉన్న అందరికీ తెలుసు. కాత్యాయనికి మాత్రం ఆ నిమిషంలో విమల, విమల పక్కన నవ్వుతున్న పిల్లలు, ఎప్పుడో ఒక బడిలో ఖాళీ అయిన బల్ల కనబడి ఉంటాయి.

"కాదండీ" అంది. "ఎవరో. కిరీటం అద్దెకిచ్చినావిడ."

తాయారమ్మ వేయబోయిన అడుగు వెనక్కి వెళ్ళింది. ఆవిడ నటి. ముఖం మార్చుకోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టదు.

"అవునండయ్యా. సామాను కోసం వచ్చాను" అంది విఠల్‌రావు గారితో. తర్వాత కూతురి వైపు తిరిగింది. "కిరీటం ఇప్పిస్తారా అమ్మాయిగారూ? పొద్దుపోతంది."

కాత్యాయని గబగబా నన్ను లాగింది. జుట్టుకు కట్టిన దారం చిక్కుకుంది. ఇంకా గట్టిగా లాగింది. అప్పుడే నా తురాయి విరిగి చెక్కల సందులోంచి జారిపోయింది. ఎస్తేరు టీచర్ అద్దె డబ్బులు తాయారమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ చూసుకోకుండానే కొంగున ముడేసుకుని, నన్ను గుడ్డలో చుట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

కిరీటం ఎందుకంటే, ఫలానావాళ్ళు ఫలానా అని నలుగురికీ తెలియడానికి. తాయారమ్మ తల మీద నేను ఆ పని చేశాను. కూతురి తల మీద ఉండగా ఆ పిల్ల తను ఎవరి పిల్లో దాచుకుంది. దాచుకున్న మాట నా కిందినుంచే వచ్చింది.

ఆ సాయంత్రం కాత్యాయని బహుమతి పుస్తకంతో ఇంటికి వచ్చేసరికి తాయారమ్మ పొయ్యి దగ్గర ఉంది. కోప్పడలేదు. ఎందుకలా అన్నావని అడగలేదు.

"అన్నం గిన్నెలో ఉంది" అంది.

మర్నాడు "వానొచ్చేట్టుంది, గొడుగు తలుపెనకాల ఉంది" అంది. ఆ తర్వాత "పరీక్షలంటే దీపంలో నూనె పోసి ఉంచితే మంచిది" అంది. అన్నీ ప్రేమగల మాటలే. వాటిలో ఎవరూ లేరు. మన భాషలో ఎదుటి మనిషి గుర్తు క్రియ చివర కూర్చుంటుంది. తిన్నావా, వచ్చావా, చదివావా. తాయారమ్మ మాటల్లోంచి ఆ చివరలు తప్పుకున్నాయి. ఒకప్పుడు కొట్టినా తిట్టినా "నువ్వూ నీ వేషాలూ" అని మొదలుపెట్టే మనిషి, ఇప్పుడు ఇంట్లో గొడుగుల గురించి, గిన్నెల గురించి చెబుతూ తిరిగింది. కాత్యాయనికి అది తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. తెలిశాక అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఆ మెట్ల దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

ఇంగ్లీషు వాళ్ళ దౌ అందరికీ మర్యాద చేయబోయి పోయిందని ఆ పిల్లే చెప్పింది. ఈ ఇంట్లో 'నువ్వు' కూడా మర్యాద వల్లే పోయింది. ఒక్కసారి అమ్మాయిగారూ అని పిలిచాక తిరిగి ఒసే అనడం ఎలాగో ఆవిడకు తెలియలేదు. ఎందరో రాజుల్ని పలికించిన మనిషికి ఆ ఒక్కటీ చేతకాలేదు.

సంవత్సరాలు గడిచాయి. కాత్యాయని ఇంగ్లీషు టీచరైంది. రేపల్లెలో ఉద్యోగం, చిన్న ఇల్లు. తల్లిని తీసుకువచ్చి దగ్గరే పెట్టుకుంది. మందులు, పాలు, మెత్తటి పక్క, దేనికీ లోటు చేయలేదు. నన్ను పాత చీరలో చుట్టి అటక మీద పెట్టారు. అటక మీదినుంచి కూడా అన్నీ వినపడతాయి.

ఒక సెలవు రోజు కాత్యాయనితో పనిచేసే లెక్కల టీచర్ ఇంటికి వచ్చింది. మంచి మనిషి, మాటకారి. వసారాలో చిక్కుడుకాయలు తుంచుతున్న తాయారమ్మని చూసి, "పెద్దమ్మగారూ, మీరు మా కాత్యాయనికి ఏమవుతారండీ?" అని అడిగింది.

కాఫీ గ్లాసులతో కాత్యాయని గుమ్మం దాకా వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే తాయారమ్మ చెప్పేసింది.

"వంటకి సాయంగా ఉంటానమ్మా."

కాఫీ గ్లాసులు చప్పుడు చేయలేదు. కాత్యాయని వాటిని బల్ల మీద పెట్టింది. పంచదార సరిపోయిందా అని లెక్కల టీచర్‌ని అడిగింది. మొదటిసారి కూతురు కాదంది. రెండోసారి కూతురికి ఆ శ్రమ కూడా లేకుండా తల్లే కాదంది. అటక మీద చీకటిగా ఉంటుంది. ఆ రోజు అది నాకు మంచిదే అనిపించింది.

ఆ ఏడు వానలు తగ్గాక తాయారమ్మ మంచం పట్టింది. గొంతు బాగా లోపలికి పోయింది. నోటి దగ్గర చెవి పెడితే తప్ప మాట తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం నన్ను దింపమని సైగ చేసింది. కాత్యాయని నన్ను దించి, దుమ్ము తుడిచి, మంచం మీద పెట్టింది. తాయారమ్మ నా ముందువైపు ఖాళీని వేలితో తడిమింది. తురాయి గురించి ఏమీ అనలేదు.

"ఆ రాజు ఏమన్నాడు చచ్చేటప్పుడు? చెప్పు" అంది.

చెప్పు అంది. అటక మీద ఉండి ఎన్నేళ్ళు విన్నా వినపడని చివర అది. కాత్యాయని కూడా విన్నది.  తర్వాత నెమ్మదిగా, మంచం మీదికి వంగి, ప్రతి మాటా తుడిచి పెట్టినట్టు చెప్పింది. దౌ కమెస్ట్ లేట్, మై సన్. అక్కడ ఆగింది. తల్లి ముఖం చూసింది. ఏరు గురించి చెప్పింది.

తాయారమ్మ కళ్ళు మూసుకుని విని, నవ్వింది.

"ఆ రోజు రెండోసారి బాగా చచ్చావే" అంది.

చచ్చావే. ఆ చివరతో ఆవిడ కూతురితో అన్న ఆఖరి మాట అదే. మూడో రోజు పోయింది.

కాత్యాయని అందరిలాగే చేయవలసినవన్నీ చేసింది. బడిలో మాత్రం, "మా ఇంట్లో ఒక పెద్దావిడ పోయారు" అని చెప్పి సెలవు పెట్టింది.

కొన్నాళ్ళకు జోగారావు వచ్చాడు. ముసలివాడయ్యాడు. హార్మోనియం పట్టిన వేళ్ళు వంకరలు తిరిగాయి. తెనాలిలో పాత నటులందరూ కలిసి తాయారమ్మ జ్ఞాపకంగా ఒక సభ పెట్టుకుంటున్నారట.

"నువ్వొచ్చి రెండు ముక్కలు మాట్టాడాలమ్మాయ్. ఆవిడ కూతురు ఇంగ్లీషు టీచరని తెలిస్తే మావాళ్ళు పొంగిపోతారు."

కాత్యాయని గోడ వైపు చూసింది. జోగారావు ఆ చూపు చూశాడు. నాటకాల వాళ్ళకు ముఖాలు చదవడం వచ్చు.

"సరే, మాట్టాడొద్దులే. కిరీటమన్నా ఇయ్యి. కుర్చీలో పెడతాం."

సభలో నన్ను ఎర్రగుడ్డ పరిచిన కుర్చీలో పెట్టారు. పక్కన తాయారమ్మ ఫొటో, రాజు వేషంలో, నేను తల మీద ఉన్నదే, తురాయితో సహా. ఒక్కొక్కరు లేచి పద్యాలు పాడారు. ఎవరి గొంతులూ సరిగ్గా లేవు. చివరికి జోగారావు మైకు దగ్గరికి వచ్చి, "తాయారమ్మ తాలూకు వాళ్ళెవరన్నా ఉంటే వేదిక మీదికి రావాలి" అన్నాడు. అని ఆగాడు. నేను కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆఖరి వరుసలో, తలుపు పక్కన, కాత్యాయని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకసారి సంచి పక్కన పెట్టింది. కాళ్ళు వెనక్కి లాక్కుంది, లేవబోయేవాళ్ళలాగా. మళ్ళీ సంచి ఒళ్ళోకి తీసుకుంది.

జనం వెళ్ళిపోయాక నా కోసం వచ్చింది. జోగారావు నన్ను రెండు చేతులతో ఎత్తి అందించాడు.

"సామాను కోసం వచ్చారామ్మా?" అన్నాడు.

ఆ మెట్ల దగ్గర ఏం జరిగిందో తాయారమ్మ ఆయనకు ఎప్పుడు చెప్పిందో తెలియదు. ఒకప్పుడు దుప్పట్లో చుట్టి ఎత్తుకున్న పిల్లని ఆయన ఆ రోజు మీరు అన్నాడు. కాత్యాయని తల వంచుకుని నన్ను తీసుకుంది.

ఇప్పుడు నేను రేపల్లె బడిలో తొమ్మిదో తరగతి గది అలమరలో ఉన్నాను. పాత ఇంగ్లీషు పద్యం పాఠం వచ్చినప్పుడు కాత్యాయని టీచర్ నన్ను తీసి బల్ల మీద పెడుతుంది. ఏ పిల్లైనా నన్ను పెట్టుకుని రాజులా నిలబడితే, దౌకి ఎస్ట్, హీకి ఎత్, వాటిని ఎక్కడెక్కడ రాసేవాళ్ళో, ఎవర్ని ఎవరు అలా పిలిచేవాళ్ళో చెబుతుంది. బాగా చెబుతుంది. పిల్లలు ఆ క్రియల్ని మర్చిపోరు. దౌ అని పిలవడానికి మనిషి ఉండడం గొప్ప సంగతి అని ఒకసారి అని, వెంటనే సుద్దముక్క కోసం వెతుక్కుంది.

కిందటేడు ముందు బల్ల మీది పిల్ల, ఝాన్సీ, నన్ను తలనుంచి తీస్తూ లోపలి జిగురు వాసన చూసి అడిగింది.

"ఈ కిరీటం ఎవరిది టీచర్?"

"రాజుది."

తరగతంతా నవ్వింది. ఝాన్సీ నవ్వలేదు.

"అది కాదు టీచర్. నిజంగా ఎవరిది? ఎవరు పెట్టుకునేవాళ్ళు?"

కాత్యాయని టీచర్ నన్ను అందుకుంది. నా లోపల అరిగిపోయిన మఖమలు గుడ్డ మీద ఆమె బొటనవేలు ఆగింది. జడకోసం వదిలిన చోటు అది. పెదవులు కదిలాయి. పిల్లలు ఎదురుచూశారు.

"తర్వాత చెబుతాను" అంది.

పాఠం అయిపోయింది. పరీక్షలు కూడా అయిపోయాయి. ఝాన్సీ పదో తరగతిలోకి వెళ్ళింది. ఈ కిరీటం మా అమ్మదని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.